ఏటికి ఆ ఒడ్డున కూడా అదే ఊరు

మా ఊరిని మ్యాప్‌లో చూసి మోసపోనివాళ్ళు లేరు. ఏటికి ఈ ఒడ్డున సూ సెయింట్ మరీ, కెనడా. ఆ ఒడ్డున కూడా సూ సెయింట్ మరీయే, కాకపోతే అమెరికా. నడుమ కిలోమీటరు కూడా లేని నీళ్ళు, వాటి మీద పొడుగాటి వంతెన. కాకినాడలో కూర్చుని ఫోన్లో ఆ మ్యాప్‌ని వేళ్ళతో సాగదీసి చూసిన పెళ్ళిపెద్దలకి ఇదేదో వీధికి అటొకరూ ఇటొకరూ కాపురం ఉన్నట్టే అనిపించింది. "పిల్లాడు అమెరికా, పిల్ల కెనడా. పక్కపక్కనే కదండీ, శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేయొచ్చు" అనుకుని తాంబూలాలు పుచ్చేసుకున్నారు. పిల్ల చదువుకి ఈ ఊరి కాలేజీని ఎంచింది కూడా పెళ్ళికొడుకు కిరీటే. అతనుండేది డెట్రాయిట్‌లో. కారులో అయిదారు గంటలు పైకొస్తే ఏరు, ఏటి అవతల పెళ్ళాం. వీసాల సంగతి అతనికి తెలియక కాదు, అప్పటికి చూసుకుందాంలే అనుకున్నాడు.

ఆ పెళ్ళికూతురు వర్షిణి మా మేడమీద గదిలో అద్దెకి దిగింది. ఒంగోలు పిల్ల. ఆ రెండేళ్ళూ మా ఊరికి మన పిల్లలు తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. అంతకుముందు బస్సులో తెలుగు మాట వినిపిస్తే నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగేదాన్ని. ఆ తర్వాత తెలుగు వినపడకపోతే బస్సు తప్పు ఎక్కానేమో అని చూసుకోవాల్సొచ్చింది. పిల్లలకి గదులు దొరకడంలేదని మా పైనున్న రెండు గదులూ ఇచ్చేశాం. ఒకదాంట్లో వర్షిణి, రెండోదాంట్లో జగిత్యాల నుంచి వచ్చిన నిఖిల.

మా ఆయన కోదండరామ్‌కి కంప్యూటర్ ఉద్యోగం పొట్టకోసం, భూగోళం ప్రాణంకోసం. ఇల్లు చూడ్డానికొచ్చిన పిల్లలకి గది కంటే ముందు ఊరు చూపిస్తాడు. "పైనున్న సుపీరియర్ సరస్సు కిందనున్న హ్యూరన్ సరస్సులోకి దిగే మెట్టమ్మా ఇది. మన జనాభా డెబ్బై రెండు వేలు. ఆ ఒడ్డున పదమూడు వేలే. కెనడా అమెరికా మీద జనంలో గెలిచిన చోటు చూపించమంటే నేను మన ఊరే చూపిస్తాను" అంటాడు, ఆ జనాన్నంతా తనే కన్నట్టు.

"గింత పెద్ద అమెరికాల గంతే మంది ఉన్నరా అంకుల్? మా జగిత్యాలే నయముంది గద" అంది నిఖిల వచ్చిన రోజునే. అప్పట్నించీ ఆయనకి ఆ పిల్లంటే కాస్త చిన్నచూపు.

వర్షిణి మాత్రం జనాభా అడగలేదు. "ఆ ఒడ్డుకి ఎలా వెళ్ళాలి అంకుల్?" అనడిగింది. ఎలా వెళ్ళాలో ఆ ఏడాదిన్నరలో మా అందరికీ తెలిసొచ్చింది. అమెరికా విజిటర్ వీసాకి ఇంటర్వ్యూ కావాలంటే రెండేళ్ళు ఆగమన్నారు. పోనీ అతనే రాకూడదా అంటే, అతని పాస్‌పోర్ట్‌లో హెచ్ వన్ బి ఉద్యోగ వీసా స్టాంపింగ్ గడువు దాటిపోయింది. బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరని భయం. "కెనడాకి నెల లోపల వచ్చి వెళ్తే పాత స్టాంపుతోనే రానిస్తారు, రూలుంది" అని మా ఆయన ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాడో. "రూలుంది అంకుల్, కాదన్ను. ఆ రోజు ఆఫీసర్ మూడ్ బాగోకపోతే?" అనేవాడు కిరీటి. పెళ్ళయ్యాక పట్టుమని పది రోజులు కలిసున్న జంట. తర్వాత అంతా వీడియో కాలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండువేల ఇరవైమూడు జూన్‌లో వర్షిణి మెట్లు దబదబా దిగొచ్చి, "ఆంటీ, కిరీటి ఉద్యోగం పోయింది!" అని మొహం వెలిగిపోతూ చెప్పింది. ఉద్యోగం పోయిందని అలా చెప్పిన పిల్లని నేను అప్పుడే చూడటం. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే అతను అమెరికా వదిలిపోవాలి. డెట్రాయిట్ ఫ్లాట్ ఖాళీ చేసేసి, ఆ అరవై రోజులూ ఆ ఒడ్డున ఉన్న ఊళ్ళో చవక మోటెల్లో ఉండి ఉద్యోగాలకి అప్లై చేస్తాడట. "కనీసం కనపడతాడు కదా ఆంటీ" అంది.

కనపడటం అంటే నిజంగానే కనపడటం. సాయంత్రం వర్షిణి తను పార్ట్‌టైం చేసే వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, యూనిఫాం మీదే ఎర్ర చున్నీ వేసుకుని ఏటిగట్టు మీద చెక్క బాటకి పరిగెత్తేది. ఆ ఒడ్డున పాత ఓడనొకదాన్ని మ్యూజియం చేసి నిలబెట్టారు. దాని పక్కన నారింజ రంగు టోపీ పెట్టుకుని అతను నిలబడేవాడు. ఇక్కణ్ణించి చూస్తే చీమ తలకాయంత. ఇద్దరూ ఫోన్లు చెవులకి పెట్టుకుని చేతులూపుకునేవాళ్ళు. మొదటిరోజు తోడు రమ్మంటే మేమిద్దరం వెళ్ళాం. మా ఆయన పక్షుల కోసం కొన్న బైనాక్యులర్స్ తెచ్చాడు.

"సన్నబడ్డాడమ్మా" అన్నాడు అందులోంచి చూస్తూ.

"ఇటివ్వండి అంకుల్" అని లాక్కుని చూసింది. "గడ్డం పెంచావేంటి?" అంది ఫోన్లో. అంతలో ఇనపరాయి మోసుకుపోయే ఓడ ఒకటి నడిమికొచ్చింది. మా ఏట్లో ఓడలంటే మామూలు ఓడలు కావు, వీధి వీధంత ఉంటాయి. అది దాటేదాకా వర్షిణి ఒక కాలి మీదా మరో కాలి మీదా మారుతూనే ఉంది. "ఉన్నావా? వెళ్ళిపోకు, ఇంకా తోక రాలేదు" అంటోంది ఫోన్లో. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

వాళ్ళిద్దరూ దాటలేని వంతెన నాకు మాత్రం అడ్డం కాదు. మేం కెనడా పౌరులమైపోయి చాలాకాలమైంది. అందుకని రాయబారం నాకొచ్చింది, రాయబారంతోపాటు కేరేజీ కూడా. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర కట్టుకుని వారానికి ఒకటి రెండుసార్లు దాటేదాన్ని. అమెరికా బూత్‌లో కుర్ర ఆఫీసర్ గిన్నె మూత తీయించి, "ఇదేంటి?" అన్నాడు. "పుల్లటి ఆకు" అన్నాను. "ఎవరికి?" "మా అల్లుడికి." అతను వాసన చూసి వెంటనే వెళ్ళమన్నాడు. అల్లుడన్నది అబద్ధమే గానీ, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

కిరీటి మంచివాడు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేదానికి మీరు అతన్ని రాక్షసుణ్ణి చేసేస్తారు. మోటెల్ గదిలో బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, కిటికీలోంచి చూస్తే వంతెన. గోంగూర కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకోగానే అతని కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారానికే అనుకోమన్నట్టు మంచినీళ్ళు తాగాడు.

"ఏడేళ్ళు ఆంటీ. గ్రీన్ కార్డ్ లైన్లో ఏడేళ్ళ నుంచి నిలబడ్డా. ఇప్పుడు పక్కకి జరిగితే నా వెనకాలవాడు ముందుకొచ్చేస్తాడు" అన్నాడు.

"మా ఆయన తొమ్మిదేళ్ళు నిలబడి జరిగాడు బాబూ. న్యూజెర్సీలో. నన్ను అడక్కుండా ఒకరోజు కెనడా కాగితాలు తెచ్చి, సర్దు అన్నాడు. బఫెలో దగ్గర వంతెనెక్కిన దగ్గర్నించి టొరంటో దాకా ఏడుస్తూనే వచ్చాను."

"ఇప్పుడు బాధ లేదా మరి?"

"ఉంటుంది, చలికాలం మాత్రం" అన్నాను. నవ్వాడు. నవ్వుతూనే కిటికీలోంచి వంతెన వైపు చూశాడు. గొలుసు ఊడిన కుక్కని చూసినట్టు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు గానీ, కొత్తగా ఉద్యోగం పోయినవాడు కదా, సర్దుకుంటాడులే అనుకుని ఖాళీ గిన్నెలు తీసుకుని వచ్చేశాను.

ఆ నెలలోనే ఉత్తరాన అడవులంటుకుని ఊరంతా పొగ కమ్మేసింది. ఆ ఒడ్డు కనపడటం మానేసింది. అయినా వర్షిణి మాస్కు పెట్టుకుని వెళ్ళి తెల్లటి పొగకేసి చెయ్యి ఊపి వచ్చేది. "కనపడ్డాడా అక్కా?" అని నిఖిల అడిగితే, "లేదు, అక్కడే ఉన్నానన్నాడు" అనేది. నిఖిల నా చెవి దగ్గరకొచ్చి, "ఉన్నడో, మోటెల్ల పండుకున్నడో ఎవలికెరుక ఆంటీ" అంది. నోరు మూసుకోమన్నాను. నాకూ ఆ అనుమానం రాకపోలేదు.

పొగ విడేసరికి ఓ వార్త వచ్చింది. అమెరికాలో హెచ్ వన్ బి మీద ఉన్నవాళ్ళని కెనడా పిలుస్తోందట. పదివేల మందికి మూడేళ్ళ ఓపెన్ వర్క్ పర్మిట్, ఉద్యోగం చేతిలో లేకపోయినా సరే. జూలై పదహారున తలుపు తెరుస్తారు, పదివేలు నిండగానే మూసేస్తారు. మా ఆయన ఆ వార్త చదివి లేచి నిలబడిపోయాడు. ఒక వార్తకి ఆయన అలా లేవడం నేను పెద్దగా చూడలేదు.

ఆ ఆదివారం మా భోజనాల బల్లే ఆఫీసైపోయింది. ఫోన్ స్పీకర్లో ఆ ఒడ్డున కిరీటి, ఈ ఒడ్డున మేం నలుగురం. మా ఆయన ఒక్కొక్క ప్రశ్నా చదివించుకుని జవాబు చెప్పాడు. వెబ్‌సైట్ రెండుసార్లు మొరాయించింది. వర్షిణి గోళ్ళు కొరుక్కుంటూ హాలంతా తిరిగింది. "సబ్మిట్ అయింది" అన్నాడు కిరీటి. వర్షిణి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. నేను పాయసం పెట్టాను. మర్నాటికల్లా పదివేలూ నిండిపోయాయని తెలిశాక ఆ పాయసం ఇంకా తియ్యగా అనిపించింది మాకు.

ఆ రోజునుంచి ఆ పిల్ల నిలకడగా కూర్చుంటే ఒట్టు. "కింద పోర్షన్ మాకిస్తారా ఆంటీ?" అనడిగింది. మా కింద పోర్షన్ అంటే పాత సామాన్ల కొట్టు. ఇస్తానన్నాను. డ్యూటీ నుంచి రాగానే చీపురు పట్టుకుని దిగేది. సామాన్లు గ్యారేజీలోకి మోసింది, గోడలు కడిగింది, పాలరంగు పెయింట్ తెచ్చి తనే వేసింది. కిటికీకి పరదాలు, కిచెన్లో రెండు కంచాలు, రెండు గ్లాసులు. "మూడోది కూడ తెచ్చుకోరాదు అక్కా, చుట్టాలొస్తే?" అని నిఖిల ఏడిపిస్తే, "మొదటి నెల ఎవర్నీ రానివ్వం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో సిగ్గుంది. ఆ పిల్ల ఆ పోర్షన్లో కాపురం పెడితే చాలనిపించింది నాకు. వాళ్ళిద్దరూ ఓ ఏడాదికి టొరంటో వెళ్ళిపోతారనీ తెలుసు, ఆ దిగులూ ఉంది.

జూలై ఆఖర్న డాలస్ నుంచి కిరీటికి ఆఫర్ వచ్చింది. మంచి జీతం, వీసా ట్రాన్స్‌ఫర్ వాళ్ళే చేయిస్తారు. ఆ కబురు అతను చెబుతున్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఇటువైపు మాటలు మాత్రం వినపడ్డాయి.

"కంగ్రాట్స్... లేదు, ఏడవట్లేదు... ఏం చేద్దామంటావ్ మరి?... నేను చెప్పడం కాదు కిరీటీ, నువ్వేమనుకుంటున్నావ్?... ఆ... ఆ... సరే."

ఫోన్ పెట్టేసి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "కెనడా పర్మిట్ వచ్చాక కూడా వాడుకోడానికి టైముంటుంది కదా, ముందు డాలస్‌లో చేరి స్టేటస్ కాపాడుకుంటే మంచిది కదా అంటున్నాడు ఆంటీ. తప్పేం లేదు కదా?"

తప్పేం లేదు. వీధిలో ఎవర్నడిగినా అదే చెబుతారు. అయినా నాకు ఒళ్ళు మండింది. "నీకేం కావాలి?" అన్నాను.

"నన్ను ఒకసారి చూశాకే డాలస్‌వాళ్ళకి జవాబు చెప్పమన్నా. చూడకుండా వద్దని."

చూడటానికి దారి ఆ వారంలోనే దొరికింది. వర్షిణి చదువు అయిపోయి, కాలేజీవాళ్ళ ఉత్తరం చేతికొచ్చింది. ఇక వర్క్ పర్మిట్ తెచ్చుకోవాలి. ఆన్‌లైన్‌లో పెడితే నెలలు పడుతుందని, మా ఊరి పిల్లలంతా చేసే పనొకటుంది. వంతెన దాటి అమెరికా ఆఫీసుకి వెళ్తారు. వీసా లేదు కాబట్టి వాళ్ళు రానివ్వమని ఒక కాగితమిచ్చి వెనక్కి పంపుతారు. ఆ కాగితం పట్టుకుని తిరిగి కెనడా వైపొస్తే, దేశంలోకి కొత్తగా వస్తున్నట్టు లెక్క, అక్కడికక్కడే పర్మిట్ ఇచ్చేస్తారు. ఫ్లాగ్‌పోలింగ్ అంటారు. మా ఆయన దానికి ధ్వజస్తంభ ప్రదక్షిణ అని పేరుపెట్టాడు. ఆ ప్రదక్షిణలో అమెరికా ఆఫీసు హాల్లో ఓ అరగంట కూర్చోబెడతారు. ఆ హాల్లోకి ఆ ఊరివైపునుంచి కూడా, కాగితాల్లో తప్పులు దిద్దించుకోడానికి జనం వస్తారు. అమెరికాలోకి వచ్చినప్పుడిచ్చే ఐ నైన్టీ ఫోర్ కాగితంలో కిరీటికి ఇంటిపేరు తప్పు పడిందట, అది ఎప్పట్నుంచో దిద్దించుకోవాలి. గురువారం పదింటికి ఇద్దరూ అక్కడ ఉండేట్టు అనుకున్నారు. డాలస్‌వాళ్ళకి శుక్రవారం జవాబు చెప్పాలి.

మంగళవారం మధ్యాహ్నం నేనూ వర్షిణీ కింద పోర్షన్లో గిన్నెల బీరువా తుడుస్తున్నాం. ఆమె ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టింది.

"వర్షూ! బతికిపోయా!" అన్నాడు కిరీటి. రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు.

"ఏమైంది?"

"పెట్రోల్ కొట్టించుకుని వస్తూ తప్పు లేన్‌లో పడ్డా. హైవే అనుకుని ఎక్కితే తిన్నగా వంతెన మీదకి పోయింది. ఆఖరి ఎగ్జిట్ అని బోర్డు నేను చూసేసరికే దాటిపోయా. వెనక్కి తిప్పే చోటు లేదు, వెనకాల ట్రక్కు. కెనడా బూత్ దాకా వచ్చేశా!"

వర్షిణి లేచి నిలబడింది. "ఇక్కడికొచ్చావా?"

"వచ్చా. లోపల కూర్చోబెట్టారు. పాస్‌పోర్ట్ తీసుకున్నారు. తప్పు దారిలో వచ్చాను, నాకు కెనడా రావాలని లేదు, దయచేసి వెనక్కి పంపండి అని ఒకటే చెప్పా. చాలాసేపు ఉంచారు. తర్వాత ఏదో కాగితం ఇచ్చి పంపేశారు. మళ్ళీ అమెరికా వాడు ఏమంటాడో అని ప్రాణం పోయిందనుకో. ఏమనలేదు! మోటెల్‌కొచ్చేశా. తలుపు గడియ వేసుకుని కూర్చున్నా."

వంతెన దిగి కుడివైపు తిరిగితే మా ఇల్లు. కారుకి రెండు సిగ్నళ్ళు. నడిచినా పెద్ద దూరం కాదు.

"ఎంతసేపు కూర్చోబెట్టారు?" అంది వర్షిణి.

"గంట. గంట పైనే."

"ఫోన్ తీసుకున్నారా?"

"లేదు, జేబులోనే ఉంది. వర్షూ, నువ్వు వేరేలా అనుకోకు. ఆ టెన్షన్లో..."

"అర్థమైంది. క్షేమంగా వెళ్ళావు కదా, భోంచెయ్" అని ఫోన్ కట్టేసింది. తడిగుడ్డ పిండి, బీరువా మిగిలిన అర కూడా తుడిచింది. నేను ఏదో అనబోతే, "గురువారం చూస్తాగా ఆంటీ" అంది.

నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. ఏడాదిన్నర ఒకే ఊరి పేరు పెట్టుకుని రెండు ఒడ్డుల్లో అల్లాడారు. దేవుడు తోసినట్టు అతన్ని ఈ ఒడ్డుకి తోస్తే, గంటసేపు పెళ్ళాం గడపలో కూర్చుని, నాకిక్కడికి రావాలని లేదు అని బతిమాలుకున్నాడు. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటుంటే అడిగాను, "మనం వంతెన దాటిన రోజు మీకు భయం వెయ్యలేదూ?"

"ఎందుకెయ్యలేదు? చచ్చేంత భయం. నువ్వు పక్కన కూర్చుని ఏడుస్తుంటివి. ఇక నా భయానికి చోటెక్కడిది?" అన్నాడు.

పన్నెండేళ్ళుగా ఆ వంతెన పేరు చెప్పి ఆయన్ని సాధిస్తూ వచ్చాను. ఆవేళ ఇంకో గరిటెడు పెరుగు వేశాను.

గురువారం వర్షిణి తలస్నానం చేసి, పెళ్ళిలో పెట్టిన చీరల్లోంచి నెమలికంఠం రంగుది కట్టుకుంది. మోటెల్‌లో పెట్టుకోమని నేను కట్టిన కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంతెన మధ్యలో రెండు జెండాలు వస్తాయి. అవి దాటుతుంటే ఆమె చెయ్యి నా చేతి మీదకొచ్చింది. చల్లగా ఉంది. అమెరికా బూత్‌లో పాస్‌పోర్ట్‌లు తీసుకుని లోపలికి పంపారు.

కిరీటి అప్పటికే వచ్చి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, మళ్ళీ కౌంటర్ వైపు చూసి కూర్చున్నాడు. వర్షిణి వెళ్ళి అతని పక్క కుర్చీలో కూర్చుంది. నేను ఒక కుర్చీ వదిలి కూర్చున్నాను. వర్షిణి ఒళ్ళోంచి తీసి కేరేజీ అందించింది. అందుకున్నాడు. ఆమె చేతిని ఓసారి పట్టుకున్నాడు, ఆఫీసర్ తలెత్తగానే వదిలేశాడు.

"వాళ్ళు చూస్తే బాగోదు. నువ్వు నా కోసం వచ్చావనుకుంటారు" అన్నాడు మెల్లగా.

"నీ కోసమే వచ్చాను" అంది వర్షిణి.

"అది వాళ్ళకి తెలీకూడదు కదా."

ఆమె అతని మొహంలోకి చూసింది, ఏటిగట్టు మీంచి బైనాక్యులర్స్‌లో చూసినట్టే. "మంగళవారం కూర్చున్నావే, అప్పుడు నేను గుర్తురాలేదా?"

"వచ్చావు. ఒట్టు, వచ్చావు. ఫోన్ తీద్దామనుకున్నా. కానీ పెళ్ళాం ఇక్కడే ఉందని తెలిస్తే ఉండిపోడానికే వచ్చాడంటారు, అది రికార్డులో పడితే రేపు అమెరికా స్టాంపింగ్‌కి..." అంటూ ఆగిపోయాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను చెడ్డవాణ్ణి కాదు వర్షూ. నాకు భయం, అంతే."

"తెలుసు" అంది. నిజంగా తెలిసినట్టే అంది. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు. "డాలస్‌కి ఒప్పుకో. మంచి ఉద్యోగం" అంది.

"ఒక్క ఏడాది. తర్వాత నిన్ను తీసుకొచ్చేస్తా, లేకపోతే నేనే..."

కౌంటర్ దగ్గర ఆమె పేరు పిలిచారు. వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే కిరీటి నా వైపు వంగి, కేరేజీ గుండెలకి ఆనించుకుని, రహస్యంగా అడిగాడు.

"ఆంటీ, ఇక్కణ్ణించి బయటికెళ్ళేటప్పుడు మళ్ళీ వంతెన మీదకి పోకుండా ఏ లేన్ పట్టుకోవాలి?"

చెప్పాను. కుడివైపు అంచునే ఉండు బాబూ, డాలస్ దాకా వంతెన అడ్డురాదని చెప్పాను. వెటకారం అతనికి తెలియలేదు, "థాంక్స్ ఆంటీ" అన్నాడు. వర్షిణి కాగితం తీసుకుని వెనక్కి తిరిగే ఉంది. విన్నదా లేదా అని నేను ఆమె మొహం చూసే ధైర్యం చెయ్యలేదు. "వెళ్ళొస్తా కిరీటీ" అంది. అతను లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు, రోజూ ఏటి అవతల నుంచి ఊపినట్టే.

కెనడా వైపు ఆఫీసులో జుట్టు నెరిసిన ఆఫీసరమ్మ ఉంది. కాలేజీ ఉత్తరం చూసింది, పాస్‌పోర్ట్ చూసింది, తాపీగా టైప్ చేసుకుంటూ అలవాటు ప్రశ్నలడిగింది. ఏం చదివావు, ఎక్కడ పనిచేస్తావు, పెళ్ళయిందా.

"అయింది."

"మీ ఆయన ఇక్కడికి వస్తున్నాడా?"

ఆ వేసవంతా ఆ ప్రశ్న ఎవరడిగినా, వృద్ధాశ్రమంలో ముసలమ్మలడిగినా, నిఖిల ఏడిపిస్తూ అడిగినా, ఆ పిల్ల ఒకటే జవాబు చెప్పేది, వచ్చేస్తాడని. ఆఫీసరమ్మ తలెత్తి చూసేదాకా ఆగి, "లేదండీ, రావటం లేదు" అంది వర్షిణి.

మూడేళ్ళ పర్మిట్ చేతిలో పెట్టారు. బయటికొచ్చి కార్లో కూర్చున్నాం. తాళం తిప్పబోయాను. నాకే ఏడుపొచ్చేసింది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. వర్షిణి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దిగి, చుట్టూ తిరిగి నా వైపొచ్చి తలుపు తీసింది.

"జరగండి ఆంటీ, నేను డ్రైవ్ చేస్తా" అంది.

నేను అవతలి సీట్లోకి మారాను. ఆ పిల్ల సీటు ముందుకి లాక్కుంది, అద్దం సరిచేసుకుంది, కళ్ళు ఒక్కసారి చీర చెంగుతో తుడుచుకుని ఇంటికి పోనిచ్చింది.